బ్రేకు పెడల్ మెత్తబడితే ఎక్కడ వెతకాలి

(విశాఖపట్నంలో కారు నడిపేవారికీ, కొత్తగా పనిలోకి వచ్చిన మెకానిక్‌లకీ ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి. ఈ బల్ల మీద మధ్యకి కోసిన మాస్టర్ సిలిండర్ (మీ తొక్కుని ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) ఒకటి, వెనక చక్రం డ్రమ్ము సెట్టు ఒకటి, రెండు పాత హోసులు, సీసాల్లో కార్లలోంచి తీసిన బ్రేక్ ఆయిల్ ఉన్నాయి. నేను మాట్లాడుతుండగా చేతుల్లోకి తీసుకుని చూడండి. సీసాలు మాత్రం ఒలకనివ్వకండి. ఆ ద్రవం కారు పెయింటుని తినేస్తుంది. ఎప్పుడైనా బాడీ మీద పడితే గుడ్డతో తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. బ్రేక్ ఆయిల్ అని అందరం అంటాం, నేనూ అదే అంటాను. కానీ అది నూనె కాదు. ఆ తేడా తెలియకపోతే జరిగే నష్టం ఎంతో తరవాత చూద్దాం.

బ్రేకు తొక్కితే పెడల్ కొంచెం దిగి, గోడకి ఆనినట్టు నిలబడాలి. అలా నిలబడకుండా స్పాంజిని నొక్కినట్టు దిగిపోతుంటే, లేదా పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే, మన దగ్గర జరిగే వైద్యం ఒక్కటే. "ఎయిర్ పట్టింది, బ్లీడింగ్ చేసేద్దాం." బ్లీడింగ్ అంటే ఆయిల్ పైపుల్లో చేరిన గాలి తీసేయడం. గాలి పట్టిందన్నది చాలాసార్లు నిజమే. కానీ ఆరు రకాల జబ్బులకి ఒకే మాత్ర వేస్తే మిగతా ఐదూ లోపల ముదురుతాయి. పెడల్ ఏ తీరుగా మెత్తబడిందో కాలితో గమనిస్తే, పానా పట్టకముందే సగం సంగతి తెలిసిపోతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు లెక్క చూద్దాం. మీ కాలి బలం 20 కిలోలు అనుకోండి. పెడల్ ఒక మీట. దాదాపు 5 రెట్లు చేసి మాస్టర్ సిలిండర్ దగ్గర 100 కిలోలుగా అందిస్తుంది. ఇంజను వాక్యూమ్‌తో కాలికి తోడయ్యే బూస్టర్ సాయం దీనికి అదనం. అయితే మీట ఊరికే ఏదీ ఇవ్వదు. బలం 5 రెట్లు పెరిగితే దూరం కూడా 5 రెట్లు పోతుంది. లోపల పిస్టన్ 1 మి.మీ. కదలడానికి మీ కాలు 5 మి.మీ. దిగాలి.

ఇప్పుడు లైన్‌లో 1 మి.లీ. గాలి చేరిందనుకోండి. ఇన్సులిన్ సిరంజి ఒకటి నిండేంత, అంతే. బ్రేక్ ఆయిల్ నొక్కితే కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. 30 బార్ ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 30 రెట్లు, వచ్చేసరికి ఆ గాలి ముప్పయ్యో వంతు అయిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి పిస్టన్ అదనంగా ముందుకి నడవాలి. పిస్టన్ వ్యాసం 20 మి.మీ. అయితే దాని ముఖం 3.14 చదరపు సెంటీమీటర్లు. 1 మి.లీ. పూడ్చడానికి 3 మి.మీ. పైచిలుకు నడక. కాలి దగ్గర అది 15, 16 మి.మీ. సిరంజిడు గాలికి మీ పెడల్ ఒకటిన్నర సెంటీమీటరు వృథాగా దిగింది. అందుకే "కొంచెం గాలి ఉంటే ఏం లే" అనే మాట నాకు నచ్చదు. ఆ కొంచెమే పెడల్‌లో పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక మెత్తబడే తీరులు. నొక్కితే దిగుతూ, కాలు వదులుతుంటే రబ్బరులా పైకి తోస్తుంటే అది గాలి, లేదా ఆవిరి, లేదా ఉబ్బుతున్న హోసు. మొదటిసారి బాగా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగితే, చక్రాల దగ్గర ఎక్కడో ఖాళీ ఎక్కువైంది. ఎక్కువగా వెనక డ్రమ్ముల్లోనే. ఒకే బలంతో కాలు ఆనించి ఉంచితే మెల్లగా నేలకి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల సీలు జారుతోంది, లేదా బయటికి ఎక్కడో కారుతోంది. మామూలుగా బాగుండి, ఘాట్ దిగాక మాత్రమే మెత్తబడి, చల్లారాక మళ్లీ బాగైపోతే ఆయిల్ మరిగింది. తొక్కినప్పుడు పాదం కింద టకటకా కొట్టుకుంటుంటే అది మెత్తదనం కాదు, డిస్కు సంగతి.

కొన్నిసార్లు జబ్బే ఉండదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు పెడల్ గట్టిగా, స్టార్ట్ చెయ్యగానే కొద్దిగా దిగినట్టు అనిపించడం సహజం. అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. పరీక్ష ఇలా చెయ్యండి. ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లో వాక్యూమ్ ఖాళీ చెయ్యండి. పెడల్ గట్టిపడుతుంది. కాలు అలాగే ఆనించి స్టార్ట్ చెయ్యండి. ఒక్కసారి కొంచెం దిగి ఆగిపోవాలి. దిగకపోతే బూస్టరో, దాని వాక్యూమ్ పైపో, వన్‌వే వాల్వో చెడింది. అప్పుడు మీకు కనిపించేది మెత్తని పెడల్ కాదు, రాయిలాంటి పెడల్. మెత్తదనాన్ని తూచాలంటే మాత్రం వాక్యూమ్ ఖాళీ చేశాక, ఇంజను ఆపి ఉండగా తొక్కి చూడండి. బూస్టర్ సాయం లేనప్పుడు కాలికి నిజం తెలుస్తుంది. అప్పుడు కూడా మెత్తగా ఉంటే అది ద్రవం వైపు లోపమే.

మాస్టర్ సిలిండర్ చూడండి. కోసి పెట్టింది అందుకే. లోపల ఒకదాని వెనక ఒకటి రెండు పిస్టన్లు, వాటికి పెదవుల్లాంటి రబ్బరు సీళ్లు. ఒత్తిడి పెరిగితే ఆ పెదవి విచ్చుకుని గోడని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సీలు అరిగినప్పుడు జరిగే తమాషా ఇక్కడే ఉంది. గట్టిగా తొక్కితే పెడల్ నిలబడుతుంది, మెల్లగా తొక్కితే దిగిపోతుంది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర కాలు తేలిగ్గా ఆనించి నిలబడ్డప్పుడు పెడల్ నెమ్మదిగా జారుతుంటుంది. వర్క్‌షాపుకి తీసుకెళ్తే మెకానిక్ ఎక్కి గట్టిగా ఒక్క తొక్కు తొక్కి "బాగానే ఉంది కదా" అంటాడు. అలా తొక్కి చూడటం తప్పు. 30 సెకన్లపాటు తేలిగ్గా ఆనించి చూడాలి, తరవాత ఇంకో 30 సెకన్లు గట్టిగా. రెండిట్లో ఏ ఒక్కటి జారినా లోపమే.

ఇలా లోపల జారితే ఆయిల్ వెనక్కి రిజర్వాయర్‌లోకే, అంటే పైన ఆయిల్ పోసే డబ్బాలోకే పోతుంది, మట్టం తగ్గదు. మట్టం కూడా తగ్గుతుంటే బయటికి కారుతోంది. నాలుగు చక్రాల లోపలివైపు, పైపుల కీళ్లు, చివరికి మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి ఆనే చోటు చూడాలి. ఆ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి దిగుతుంది, నేల మీద చుక్క పడదు, బూస్టర్ లోపలి రబ్బరు పాడవుతుంది. అనుమానం ఉంటే రెండు నట్లు వదులు చేసి సిలిండర్‌ని కాస్త ముందుకి జరిపి వెనక తడి ఉందేమో చూడండి.

మట్టం గురించి ఒక అలవాటు మానుకోమని అడుగుతున్నాను. సర్వీసుకి వచ్చిన ప్రతిసారీ మాక్స్ గీత దాకా నింపేయడం. ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ మేరకు రిజర్వాయర్‌లో మట్టం తగ్గుతుంది. ఆ తగ్గడం ఒక కబురు. ఎందుకు తగ్గిందో చూడకుండా నింపేస్తే కబురు చెరిపేసినట్టే. పైగా కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లని వెనక్కి నొక్కినప్పుడు ఆ ఎక్కువైనదంతా పొంగి పెయింటు మీద పడుతుంది.

ఇప్పుడు వెనక డ్రమ్ములు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే ఉంటాయి. పెడల్ ఫిర్యాదుల్లో వీటి వాటాని అందరూ తక్కువగా చూస్తారు. డ్రమ్ముని లోపలినుంచి ఒరుసుకుని ఆపే షూ అరిగేకొద్దీ డ్రమ్ముకీ షూకీ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందుని సరిచేయడానికి ఆటో అడ్జస్టర్ ఉంటుంది, ఇదిగో ఈ పళ్ల చక్రం. బ్రేకు పొడి, ఉప్పుగాలి కలిసి ఇది బిగుసుకుపోతుంది. రుషికొండ, లాసన్స్ బే వైపు ఇంటి బయట ఆగే కార్లలో మరీ త్వరగా. అది తిరగడం మానేశాక సందు పెరుగుతూనే ఉంటుంది. మొదటి తొక్కులో సగం ఆ సందు పూడ్చడానికే పోతుంది.

పరీక్ష చాలా సులువు. కారు సమతలం మీద ఆపండి. హ్యాండ్ బ్రేక్ రెండు మూడు టిక్కులు లాగి, పెడల్ తొక్కి చూడండి. హ్యాండ్ బ్రేక్ షూలని డ్రమ్ము దగ్గరికి తెస్తుంది కాబట్టి, పెడల్ ఇంతకుముందు కంటే పైనే ఆగితే జబ్బు వెనక చక్రాల సందులోనే ఉంది. ఇక ఎంత ఆయిల్ మార్చినా, ఎంత గాలి తీసినా ప్రయోజనం లేదు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి సరిపెట్టేయడం. పెడల్ పైకొచ్చినట్టు కనిపిస్తుంది నిజమే. కానీ కేబుల్ ఎప్పుడూ కొంచెం లాగి ఉండటంతో షూలు వాటి అసలు చోటుకి తిరిగి చేరవు. ఆటో అడ్జస్టర్ ఇక ఎప్పటికీ పనిచేయదు. నెల రోజుల్లో మళ్లీ అదే ఫిర్యాదు. సరైన వరస తిరగేసి ఉంటుంది. ముందు కేబుల్ పూర్తిగా వదులు చెయ్యాలి. ముందు చక్రాలకి దిమ్మలు పెట్టి, వెనక ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి డ్రమ్ము తియ్యాలి. లోపలి పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. షూలని బయటికి నెట్టే వీల్ సిలిండర్ రెండు చివర్ల రబ్బరు టోపీలని కొనగోటితో ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాల్సిందే. డ్రమ్ము లోపలి వ్యాసం కొలవండి, దాని మీదే గరిష్ఠ కొలత పోతపోసి ఉంటుంది. అడ్జస్టర్ మరలు శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు పల్చగా పూయండి. షూ అంచులు వెనక ప్లేటుకి ఆనే చోట్ల కూడా అంతే, చిటికెడు. తరవాత డ్రమ్ము ఎక్కించి షూ కొద్దిగా రాసుకునేదాకా అడ్జస్టర్ తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి తిప్పండి. పెడల్ పదిసార్లు తొక్కి షూలని మధ్యకి తెచ్చుకోండి. అన్నిటికంటే చివర్న, కారు పుస్తకంలో చెప్పిన టిక్కులకి కేబుల్ సరిచెయ్యండి.

సరే, నిజంగానే గాలి పట్టినప్పుడు సంగతి చూద్దాం. గాలి దానంతటది పుట్టదు. రిజర్వాయర్ ఖాళీ అయింది, లేదా క్యాలిపరో హోసో విప్పారు, లేదా ఏదో సీలు కారుతోంది. ఇవేవీ జరగని కారులో గాలి ఉందంటే, ముందు కారుతున్న చోటు వెతకాలి. కారణం వదిలేసి గాలి తీస్తే వారానికొకసారి తీస్తూ ఉండాలి.

గాలి తీయడానికి కావలసినవి: సీలు తియ్యని కొత్త ఆయిల్ డబ్బా, అడుగున కొంచెం ఆయిల్ పోసిన సీసా, అందులో ముంచిన పారదర్శక గొట్టం, నిపుల్‌కి (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మర) సరిపోయే రింగ్ పానా. సాధారణంగా 8 లేదా 10 మి.మీ., కొన్నింటికి 7 లేదా 11. నోరు తెరిచి ఉండే డబుల్ ఎండ్ పానా వాడితే తుప్పు పట్టిన నిపుల్ మూలలు అరిగిపోతాయి. మన ఊళ్లో నిపుల్ విరగడం మామూలైపోయింది. రబ్బరు టోపీ ఊడిపోయి ఉంటుంది, ఉప్పుగాలి లోపలికి పోతుంది. ముందురోజే వైర్ బ్రష్ కొట్టి, తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచండి. విప్పేముందు పానా మీద సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు వెయ్యండి. పని అయ్యాక కొత్త టోపీ పెట్టండి. చిన్న వస్తువని నిర్లక్ష్యం చేస్తే క్యాలిపర్ ఖరీదు కట్టాలి.

మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టడం పాత పద్ధతి. మన స్టీరింగు కుడివైపు కాబట్టి ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. కొన్ని కార్లలో పైపులు అడ్డంగా, ఒక ముందు చక్రానికీ ఎదురు మూలన ఉన్న వెనక చక్రానికీ జతకట్టి ఉంటాయి; వాటికి తయారీదారు వేరే వరస చెప్పి ఉండొచ్చు, ఆ వరసే పాటించండి. లోపల ఒకరు మూడు నాలుగుసార్లు మెల్లగా తొక్కి పట్టుకోవాలి. బయటివారు నిపుల్ పావు చుట్టు, మహా అయితే అర చుట్టు విప్పాలి. పెడల్ దిగుతుంది. అది కిందుండగానే నిపుల్ బిగించాలి, బిగించాం అని నోటితో చెప్పాలి, అప్పుడే లోపలివారు కాలు తియ్యాలి. ఈ ఒక్కటి తప్పితే తీసిన గాలి మళ్లీ పీల్చుకుంటుంది. వేగంగా తొక్కకండి. పెద్ద బుడగ వంద చిన్న బుడగలవుతుంది, మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది, అది ఓ పట్టాన బయటికి రాదు. ఐదారు తొక్కులకోసారి రిజర్వాయర్ చూడండి, మిన్ గీత కిందికి పోతే మొదటికొచ్చినట్టే. గాలి తీయడానికి అర లీటరు చాలు, ఆయిల్ మొత్తం మార్చాలంటే లీటరు దగ్గర పెట్టుకోండి.

పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. ఈ మాట కొత్త మెకానిక్‌లు గుర్తుంచుకోవాలి. పిస్టన్ రోజూ నడిచే మేర సిలిండర్ లోపల నున్నగా ఉంటుంది. అవతల, చూడండి, మడ్డి, సన్నటి తుప్పు. బ్లీడింగ్‌లో పెడల్‌ని నేలకి తొక్కితే సీలు ఆ గరుకు మీదకి పోయి చిరుగుతుంది. "నిన్న గాలి తీయించాను, ఇవాళ పెడల్ జారుతోంది" అంటూ వచ్చే కార్లలో చాలావాటి కథ ఇదే.

ఎంత తీసినా మెత్తదనం పోకపోతే రెండు చోట్ల చూడండి. ఒకటి, క్యాలిపర్లు కుడి ఎడమ తారుమారయ్యాయేమో. కొన్ని రకాలు రెండు పక్కలా ఎక్కేస్తాయి, కానీ నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉంటుంది, నిపుల్ కింద ఉంటే ఎప్పటికీ రాదు. రెండోది, ఏబీఎస్, అంటే గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. దాని యూనిట్ లోపలికి గాలి దూరితే మామూలు బ్లీడింగ్‌కి రాదు, స్కానర్ తగిలించి దాని పంపునీ వాల్వులనీ ఆడిస్తూ తియ్యాలి. అందుకే పని మధ్యలో రిజర్వాయర్ ఎండిపోనివ్వకూడదని ఇంతగా చెప్తున్నాను.

ఏ చక్రం దగ్గర లోపమో తెలియనప్పుడు హోసు బిగించే ప్రత్యేకమైన క్లాంపుతో ఒక్కో రబ్బరు హోసు నొక్కి పెడల్ చూస్తారు. ఏది నొక్కితే పెడల్ గట్టిపడిందో జబ్బు ఆ చక్రానిది. పళ్లున్న పట్టకారుతో మాత్రం నొక్కొద్దు. బీటలు వారిన హోసుని అసలే వద్దు, అది ఎలాగూ మార్చాల్సిందే. ఈ పాత హోసు వంచి చూడండి, పైన ఎన్ని చీలికలో. లోపలి పొర నీరసించాక ఒత్తిడికి బెలూన్‌లా ఉబ్బుతుంది, కాలికి అది గాలిలాగే తగులుతుంది.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయానికి వస్తున్నాను. నీరు.

బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమని పీల్చుకుంటుంది. రిజర్వాయర్ మూత రంధ్రం నుంచి, రబ్బరు హోసుల గోడల గుండా కూడా. విశాఖలాంటి సముద్రపు ఊళ్లో గాలిలో తేమకి కొదవ లేదు. నీరు చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకాలకి పెట్టిన ప్రమాణం. దాని ప్రకారం డాట్ 3 కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక 140 చాలు. డాట్ 4 కొత్తది 230, తడిసింది 155. డాట్ 5.1 అయితే 260, 180. అంటే కొన్ననాడు 230 డిగ్రీలు ఓర్చుకున్న ఆయిల్, పట్టించుకోకపోతే 155 దగ్గరే చేతులెత్తేయొచ్చు.

ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. మనుషులూ సామానూ కలిపి 1,500 కిలోల కారు 100 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి, 5 లీటర్ల మామూలు నీళ్లని మరుగు దాకా తేవడానికి సరిపోతుంది. శృంగవరపుకోట దాకా సుమారు 800 మీటర్ల దిగుడు వేసుకోండి, 40 లీటర్లు. ఇంజను, గాలి కొంత పంచుకుంటాయి. న్యూట్రల్‌లో వేసి దిగేవాళ్లు ఇంజను వాటా కూడా తెచ్చి బ్రేకుల నెత్తిన పెడుతున్నారు. పెట్రోలు మిగుల్తుందని ఇంజనే ఆపేసేవాళ్లకి రెండు మూడు తొక్కులు అయ్యాక బూస్టర్ కూడా ఉండదు. ఈ రెండు పనులూ దయచేసి మానండి. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే గేరు. ఆటోమేటిక్ అయితే ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ.

ఒక చిక్కు గమనించండి. మరగడం ఎక్కువగా బ్రేకు తొక్కుతున్నప్పుడు కాదు, ఆపాక. అనంతగిరి దాటి ఫోటోల కోసం ఆపుతాం. కారు కదలనప్పుడు గాలి తగలదు, డిస్కులోని వేడి అంతా క్యాలిపర్‌లోకి, అక్కడి ఆయిల్‌లోకి పాకుతుంది. అందులోని నీరు ఆవిరవుతుంది. పది నిమిషాల తరవాత బయల్దేరి మొదటి మలుపులో తొక్కితే పెడల్ నేలకి పోతుంది. ఇంటికి చేరేసరికి ఆవిరి చల్లారి మళ్లీ ద్రవమైపోతుంది. మర్నాడు గాజువాక ఆటోనగర్‌లో చూపిస్తే పెడల్ నిక్షేపంలా ఉంటుంది. లోపం కనిపించలేదంటారు. ఘాట్‌లో జరిగిందని చెప్తే, వేరే పరీక్ష ఏదీ లేకుండా ఆయిల్ మొత్తం మార్చేయాలి. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పడం వేరు. అక్కడ పెడల్ గట్టిగానే ఉంటుంది, కాలిన వాసన వస్తుంది, కారే ఆగదు.

రెండేళ్లకోసారి మార్చాలి, కారు తిరిగినా తిరక్కపోయినా. రంగు చూసి తీర్పు చెప్పకండి. తేటగా ఉన్నదాంట్లోనూ నీరుండొచ్చు. సిరంజితో రిజర్వాయర్‌లోది తీసి కొత్తది పోయడం మార్చినట్టు కాదు. రిజర్వాయర్‌లోది కిందికి తిరగదు, అసలు వేడి చూసే ఆయిల్ క్యాలిపర్‌లోనే ఉండిపోతుంది. నాలుగు నిపుళ్ల నుంచీ కొత్త రంగు వచ్చేదాకా తియ్యాలి.

నూనె కాదని మొదట్లో అన్నాను గుర్తుందా? ఎవరో పొరపాటున ఇంజనాయిలో, స్టీరింగ్ ఆయిలో రిజర్వాయర్‌లో పోస్తారు. బ్రేకులోని రబ్బరు గ్లైకాల్‌కి తట్టుకుంటుంది, పెట్రోలియం నూనెకి ఉబ్బిపోతుంది. మొదట పెడల్ తీరు మారుతుంది, తరవాత బ్రేకులు పట్టేసి వదలవు. మూత కింద రబ్బరు సాగి ముడతలు పడి ఉంటే అనుమానించండి. నాలుగు చుక్కలు గ్లాసు నీళ్లలో వెయ్యండి. బ్రేక్ ఆయిల్ కలిసిపోతుంది, నూనె పైకి తేలుతుంది. తేలితే ఇక బేరం లేదు: మాస్టర్ సిలిండర్, హోసులు, క్యాలిపర్ సీళ్లు, వీల్ సిలిండర్లు అన్నీ మార్చి, ఉక్కు పైపులు కడగాలి. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులకి వీల్ బేరింగ్ గ్రీజు పూసినా చిన్న ఎత్తున ఇదే జరుగుతుంది. సిలికాన్ గ్రీజే వాడాలి.

పెడల్ కొట్టుకోవడం గురించి రెండు మాటలు. డిస్కు మందం అంతటా ఒకేలా లేకపోతే, 0.02 మి.మీ. తేడా కూడా కాలికి తెలుస్తుంది. వీల్ బేరింగ్ వదులైతే డిస్కు ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతుంది, అప్పుడు మలుపు తిరిగాక మొదటి తొక్కు కిందికి పోతుంది. "ఒకసారి బాగుంటుంది, ఒకసారి ఉండదు" అనే ఫిర్యాదుకి ఇదొక ముఖ్యమైన కారణం. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. వీల్ నట్లు గాలి గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగించినా డిస్కు వంకరపోతుంది, బిగింపు బలం కొలిచే టార్క్ పానా వాడండి.

ప్రశ్నలు అడగండి.

(సభలోంచి: కొత్త ప్యాడ్లు వేశాక పెడల్ కొంచెం మెత్తగా ఉంది. మళ్లీ బ్లీడింగ్ చెయ్యాలా?)

వెంటనే వద్దండీ. కొత్త ప్యాడు పాత డిస్కు గాడుల్లో కూర్చోవడానికి కొన్నాళ్లు పడుతుంది. 60 వేగం నుంచి 20కి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఇరవై ముప్పైసార్లు చెయ్యండి. 300 కిలోమీటర్ల తరవాత కూడా అలాగే ఉంటే అప్పుడు స్లైడ్ పిన్నులు, ప్యాడ్లు సమంగా కూర్చున్నాయా అన్నది చూడాలి. కానీ ఒకటి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ, కారు అంగుళం కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి నొక్కి ఉంటాయి, మొదటి తొక్కుకి బ్రేకే ఉండదు.

(సభలోంచి: డాట్ 3 ఉన్న కారులో డాట్ 4 పోయొచ్చాండీ?)

పోయొచ్చు, రెండూ గ్లైకాల్ జాతివే. 5.1 కూడా కలుస్తుంది. 5 అని మాత్రమే రాసి ఉన్నది సిలికాన్, అది వీటితో కలవదు, పోయకూడదు. మూత మీద ఏం రాసి ఉందో అదీ, లేదా అదే జాతిలో మెరుగైనదీ. తెరిచి నెలలు గడిచిన డబ్బాలోది ఏ రకమైనా పనికిరాదు, అది అప్పటికే నీరు తాగేసి ఉంటుంది. చిన్న డబ్బాలు కొనుక్కోండి.

(సభలోంచి: సార్, మాది మెత్తగానే ఉంది, ఆదివారం పిల్లలతో అరకు వెళ్తున్నాం. వెళ్లొచ్చాక చూపిస్తే పర్లేదా?)

పర్లేదని చెప్పలేనమ్మా. శనివారంలోగా చూపించండి. ఆయిల్ కారుతుంటే గానీ, పెడల్ నేలకి జారుతుంటే గానీ వర్క్‌షాపుకి కూడా నడపొద్దు, లాగించుకెళ్లండి. కారు బాగున్నా, దారిలో పెడల్ దిగిపోతే ఏం చెయ్యాలో కూడా చెప్తాను, అందరూ వినండి. వదిలి వదిలి గబగబా తొక్కండి, కొంత ఒత్తిడి పుడుతుంది. ఒక్కో గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేక్ బొత్తాం నొక్కి పట్టుకునే మెల్లగా లాగండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారతాయి. కొండవైపు అంచుకి తెచ్చి ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, అరగంట పైగా చల్లారనివ్వండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి, పగులుతాయి. ఆయిల్ మరగడమే కారణమైతే చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది; గట్టిపడకపోతే నడపొద్దు, లాగించుకెళ్లండి. ఆయిల్‌లో నీరు అలాగే ఉంది కాబట్టి ఆ గట్టితనాన్ని నమ్మొద్దు. ఎక్కడా కారడం లేదని చూసుకుని, మొదటి గేరులో, మహా అయితే రెండో గేరులో శృంగవరపుకోట దాకా దిగండి. అక్కడినుంచి విశాఖ వరకూ ముందు కారుకి దూరం పాటిస్తూ రండి. మర్నాడు నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ మార్పించండి.